పాత జూక్‌బాక్స్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పాత ఇళ్ల సామాన్ల అమ్మకాల్లో, మూతబడిన హోటళ్ల గోదాముల్లో, ఒక్కోసారి కొనుక్కున్న ఇంటి బేస్‌మెంట్‌లోనే జూక్‌బాక్స్‌లు, అంటే నాణెం వేసి బటన్ నొక్కితే కోరిన రికార్డు వాయించే యంత్రాలు, ఇప్పటికీ మనవాళ్లకు దొరుకుతుంటాయి. కొందరు వాటిని హైదరాబాద్‌కో విశాఖకో తెచ్చుకోవాలని కూడా చూస్తున్నారు. కింది జవాబులు ప్రధానంగా 1950, 60 దశకాల 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డుల) మెషీన్ల గురించి, అందులోనూ సీబర్గ్ గురించి. మిగతా కంపెనీల మెషీన్లకు కూడా చాలా విషయాలు వర్తిస్తాయి.

మా దగ్గర ఉన్నది ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

వెనక తలుపు మీద గానీ లోపలి గోడకు గానీ బిగించిన లోహపు పలక మీద మోడల్, సీరియల్ సంఖ్యలు ఉంటాయి. అమెరికాలో ప్రధానమైన కంపెనీలు నాలుగు: షికాగోలో సీబర్గ్, రాక్-ఓలా, న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ టొనవాండాలో వర్లిట్జర్, మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో ఏఎంఐ. సీబర్గ్ 1948లో తెచ్చిన ఎం 100 ఏ మోడల్ 50 రికార్డులను రెండు వైపులా వాయించి 100 పాటలు వినిపించేది. 1950లో వచ్చిన ఎం 100 బి నుంచి 45 ఆర్‌పీఎం రికార్డులు, 1955 నాటి వి 200 నుంచి 200 పాటలు. రంగులు మారే పక్క స్తంభాలు, బుడగలు పైకి పాకే గొట్టాలు ఉంటే అది 1946 నాటి వర్లిట్జర్ 1015 కావచ్చు. కానీ దాని రూపాన్ని అనుకరించి తరవాత తయారుచేసినవి చాలా ఉన్నాయి, కాబట్టి పలక చూడకుండా నమ్మవద్దు.

మోడల్ తెలిసిన వెంటనే దాని సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. పునర్ముద్రణలు అమ్ముతారు. పరికరాల కన్నా ముందు దాని మీద డబ్బు పెట్టండి.

తెచ్చిన రోజే ప్లగ్గు పెట్టి చూడవచ్చా?

వద్దు. అమ్మిన మనిషి “మొన్నటి దాకా పాడింది” అని చెప్పినా సరే, వద్దు. ఏళ్ల తరబడి కరెంటు చూడని మెషీన్‌కు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే మూడు చోట్ల నష్టం జరగవచ్చు. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటును నిలవ ఉంచే భాగాలు) షార్టయి పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేస్తాయి. గ్రీజు గట్టిపడి తిరగలేని మోటారు మూలుగుతూ వేడెక్కి వైండింగ్ మాడిపోతుంది. ఎలుకలు కొరికిన వైరు ఎక్కడో క్యాబినెట్ లోహాన్ని తాకి ఉంటే మిమ్మల్నే కొడుతుంది. కెపాసిటర్లు బజారులో దొరుకుతాయి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కొత్తది దొరకడం కష్టం. ఒక్క నిమిషం ఆత్రం ఆపుకుంటే అది మిగులుతుంది.

మరి మొదటి పని ఏమిటి?

ఫోటోలు. ప్రతి కనెక్టరునూ, ప్రతి వైరు రంగునూ విప్పకముందే ఫోటో తీయండి. తరవాత రికార్డులన్నీ బయటికి తీసి, ఎలుకల గూళ్లు, పెంట ఎత్తేశాక వాక్యూమ్ క్లీనర్‌కు మెత్తని బ్రష్షు తగిలించి దుమ్ము తీసేయండి. మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఎండిన ఎలుక పెంట దుమ్ము పీల్చితే జబ్బు చేస్తుంది. గూళ్లనూ పెంటనూ పొడిగా ఊడ్చకండి, వాక్యూమ్‌తో పీల్చకండి, ముందు క్రిమిసంహారక ద్రవంతో తడిపి గుడ్డతో ఎత్తండి.

చాలా మెషీన్లు 150 కిలోల చుట్టుపక్కల బరువుంటాయి, ఒక్కరే జరపడానికి ప్రయత్నించవద్దు. జరిపే ముందు మెకానిజాన్ని కదలకుండా పట్టి ఉంచే రవాణా బోల్టులు బిగించాలి. లేకపోతే స్ప్రింగుల మీద నిలబడే ఆ బరువంతా ఊగి ఏదో ఒకటి విరుగుతుంది.

క్యారేజీ కదలడం లేదు. మోటారు కాలిపోయినట్టేనా?

చాలామటుకు కాదు. జూక్‌బాక్స్ జబ్బుల్లో సగానికి పైగా మూలం ఒక్కటే అని నా అభిప్రాయం: గట్టిపడిన గ్రీజు. 60, 70 ఏళ్ల కిందట పూసిన గ్రీజు ఇప్పుడు గోధుమరంగు మైనంలా మారి ఉంటుంది, గోటితో గీరితే పెళ్లలుగా రాలుతుంది. కొత్త వస్తువు కొనే ముందు ఉన్నదాన్ని శుభ్రం చేయండి. ఈ ఒక్క మాట పాటిస్తే మీ ఖర్చు ఎంతో తగ్గుతుంది.

సీబర్గ్ యంత్రం పనితీరు తెలిస్తే ఎక్కడ శుభ్రం చేయాలో తెలుస్తుంది. రికార్డులు అరలో పుస్తకాల్లా నిలువుగా నిలబడి ఉంటాయి. ఒక క్యారేజీ వాటి ముందు పట్టాల మీద అటూ ఇటూ నడుస్తుంది. కోరిన రికార్డు దగ్గర ఆగి, దాన్ని పైకెత్తి, మధ్య రంధ్రంలో పట్టుకుని, నిలువుగానే తిప్పుతుంది. కుడివైపు పాటైతే ఒక ముల్లు, ఎడమవైపు పాటైతే మరో ముల్లు తాకుతుంది. క్యారేజీని నడిపేదీ రికార్డును తిప్పేదీ ఒకే మోటారు, మధ్యలో క్లచ్ ఆ పనిని అటూ ఇటూ మారుస్తుంది. కాబట్టి గేర్లలో, క్యామ్‌లో, క్లచ్ ఇరుసులో, పట్టాల మీద ఎక్కడ జిగురు పట్టినా మొత్తం ఆగిపోతుంది.

ప్లగ్గు తీసేసి మోటారు ఇరుసును చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే బలవంతం చేయకండి. వెదురు పుల్లతో గ్రీజు గీకి, మినరల్ స్పిరిట్స్‌లో (పెయింటు పలచన చేసే ద్రవం) ముంచిన పాత టూత్‌బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడవండి. మన దగ్గరైతే శుభ్రమైన కిరసనాయిలు కూడా పని చేస్తుంది, కానీ ఆ జిడ్డు పోయేలా బాగా తుడవాలి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మోటారు వైండింగుల మీదా రబ్బరు భాగాల మీదా ద్రవం పడనివ్వకండి. మోటారు బేరింగుల చుట్టూ నూనె పట్టి ఉంచే ఫెల్టు ముక్కలుంటాయి, వాటిని కడిగి ఆరబెట్టి మళ్లీ నూనెతో తడపాలి. తరవాత మాన్యువల్ చెప్పిన చోట, చెప్పినంతే నూనె వేయండి. డబ్ల్యూడీ-40 కొట్టేసి పని అయిందనుకోవద్దు. అది కొన్నాళ్లకే ఆరిపోయి తానే జిగురవుతుంది.

శుభ్రం చేసిన యంత్రాన్ని చేత్తో తిప్పితే క్యారేజీ ఒక చివర నుంచి మరో చివరకు ఎక్కడా తడబడకుండా జారాలి. అలా జారే వరకు కరెంటు ఇవ్వవద్దు.

ఇప్పుడు క్యారేజీ తిరుగుతోంది కానీ ఏ పాట దగ్గరా ఆగడం లేదు.

మోడల్‌ను బట్టి జవాబు మారుతుంది. ఎం 100 కుటుంబంలో ఒక్కో పాటకు ఒక్కో చిన్న పిన్ను ఉంటుంది. బటన్ నొక్కితే ఆ పిన్ను ముందుకు వస్తుంది, నడుస్తున్న క్యారేజీ దాన్ని తాకి ఆగుతుంది. పిన్ను ముందుకు రాకపోతే పాట పడదు, వెనక్కి పోకపోతే అదే పాట మళ్లీ మళ్లీ పడుతుంది. రెండింటికీ మొదటి మందు శుభ్రం చేయడమే. పిన్నులకు నూనె మాత్రం వేయకండి, దుమ్ము పట్టి మళ్లీ బిగుసుకుంటాయి.

వి 200 తరవాతి వాటిలో టోర్మాట్ అనే భాగం ఉంటుంది. పాటకొకటి చొప్పున చిన్న అయస్కాంత వలయాలు మీ ఎంపికను గుర్తు పెట్టుకుంటాయి. కదిలే భాగాలు లేనందున అది పాడయ్యేది చాలా అరుదు. దాన్ని విప్పే ముందు చుట్టూ ఉన్న వాల్వులు (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు), కెపాసిటర్లు, క్యారేజీ మీది స్పర్శ పలకలు చూడండి. తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.

బటన్లు కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. ఎందుకు?

వాటి వెనక కాంటాక్టులకు మసి పట్టి ఉంటుంది. కాంటాక్ట్ క్లీనరులో తడిపిన దళసరి కాగితం ముక్కను రెండు కాంటాక్టుల మధ్య పెట్టి, మెల్లగా నొక్కి లాగండి. నల్లటి చార కాగితం మీదికి వస్తుంది. గరుకు కాగితం వాడితే పైనున్న వెండి పూత లేచిపోతుంది.

ఆంప్లిఫయర్‌లో ఏవి మార్చాలి, ఏవి వదిలేయాలి?

ముందు హెచ్చరిక. వాల్వు ఆంప్లిఫయర్‌లో 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీసిన తరవాత కూడా కెపాసిటర్లలో నిలిచి ఉండవచ్చు. ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరును వాటికి కలిపి కొన్ని క్షణాలు పట్టుకుని, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఈ పని అలవాటు లేకపోతే వాల్వు రేడియోలు బాగుచేసే మెకానిక్‌కు ఇవ్వడం మంచిది. ఆంప్లిఫయర్ విడిగా ఊడి వస్తుంది కాబట్టి మెషీన్ మొత్తం మోసుకెళ్లనక్కరలేదు.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు అన్నీ మార్చండి. బాగానే కనిపిస్తున్నాయని ఒకటి రెండు ఉంచడంలో లాభం లేదు. విలువ దగ్గరగా, వోల్టేజీ సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు వెంటనే ఉండే మొదటి కెపాసిటర్ విలువను బాగా పెంచితే ఆ వాల్వు మీద భారం పడుతుంది, కాబట్టి పెద్దది వేస్తే మంచిదనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. మైనం పూసిన పాత పేపరు కెపాసిటర్లనూ మార్చాలి. వాటిలో ముఖ్యమైనది అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు (పాట సంకేతం అందే కొన) వెళ్లేది. అది లీకైతే గ్రిడ్ మీదికి డీసీ చేరి, 6ఎల్6 లాంటి వాల్వు లోపలి పలక ఎర్రగా కాలుతుంది. గ్రిడ్ దగ్గర మీటరు పెడితే సున్నా గానీ రుణ వోల్టేజీ గానీ ఉండాలి. ధన వోల్టేజీ కనిపిస్తే ఆ కెపాసిటర్ పోయినట్టే.

మైకా కెపాసిటర్లను కదిలించకండి. రెసిస్టర్లను కొలిచి, రాసిన విలువ కన్నా 20 శాతానికి పైగా పెరిగినవాటినే మార్చండి. పాత రెండు తీగల పవర్ కార్డు స్థానంలో ఎర్త్ ఉన్న మూడు తీగల కార్డు తప్పక వేయండి. పాతదనం కోసం ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు దీపాల కనెక్షను తీసేసి, 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు ఉన్న సిరీస్ బోర్డు మీదుగా ఇవ్వండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. ప్రకాశవంతంగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది, వెంటనే ఆపేయండి.

చదరపు రేకులు పేర్చినట్టున్న భాగం ఒకటి ఉంది. అది ఏమిటి?

సెలీనియం రెక్టిఫయర్. కాలితే భరించలేని దుర్వాసన వస్తుంది, ఆ పొగ విషం. దాని స్థానంలో సిలికాన్ డయోడ్లు వేయండి. వీటిలో వోల్టేజీ నష్టం తక్కువ కాబట్టి అవతల వోల్టేజీ పెరుగుతుంది. వరసలో తగిన రెసిస్టరు వేసి మాన్యువల్‌లోని విలువకు తీసుకురావాలి.

పాట వెనక “హుమ్మ్” అని మోత వస్తోంది.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. అప్పటికీ మోత ఉంటే పవర్ సప్లై కెపాసిటర్లు, లేదా జత అవుట్‌పుట్ వాల్వుల్లో ఒకటి బలహీనపడటం కారణం. వాల్యూమ్‌తో పాటు మోత తగ్గితే పికప్ (ముల్లు అదురును కరెంటుగా మార్చే భాగం) నుంచి వచ్చే సన్నని వైరు కవచం తెగిందో, ఎర్త్ వదులైందో చూడండి. పాట నడిచేటప్పుడు మాత్రమే కిందిస్థాయిలో గురగుర వినిపిస్తే అది కరెంటు మోత కాదు. మోటారు కింది రబ్బరు బుషింగులు రాయిలా గట్టిపడి, ఆ అదురును ముల్లు దాకా చేరవేస్తున్నాయి. కొత్త బుషింగులు వేయండి.

ముల్లు గురించి తెలుసుకోవలసింది ఏమిటి?

సీబర్గ్ 1958లో స్టీరియో మెషీన్ తెచ్చింది. అంతకు ముందటి మోనో పికప్‌లో ముల్లు పక్కకు కదలగలదే గానీ నిలువుగా కదలలేదు. అలాంటి దాని కింద స్టీరియో రికార్డు పెడితే గాడి గోడలు అరిగిపోతాయి. మోనో మెషీన్‌లో మోనో రికార్డులే వాడండి. ముళ్లు కొత్తవి దొరుకుతాయి. ముల్లును పట్టి ఉంచే రబ్బరు గట్టిపడి ఉంటే ముల్లు మార్చినా గొంతు బొంగురుగానే వస్తుంది, పికప్‌ను పునరుద్ధరించే వారికి పంపాలి. బరువు ఎంత ఉండాలో మాన్యువల్ చెబుతుంది. చిన్న డిజిటల్ కాటాతో కొలవండి, అంచనాతో కాదు.

దీపాల విషయంలో జాగ్రత్తలు ఉన్నాయా?

రెండు ఉన్నాయి. ట్యూబ్‌లైట్ల బ్యాలస్టు (చోక్) 1979కి ముందుదైతే అందులో పీసీబీ అనే విషపదార్థం ఉండవచ్చు. తారులాంటిది కారుతుంటే వట్టి చేతులతో ముట్టుకోకండి, చెత్తబుట్టలో వేయకండి. అమెరికాలో ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రాలకు ఇవ్వాలి. రెండోది వర్లిట్జర్ బుడగల గొట్టాలు. వాటిలో ఉన్నది నీరు కాదు, మిథిలీన్ క్లోరైడ్. తక్కువ వేడికే మరుగుతుంది కనుక బుడగలు వస్తాయి. పగిలితే గది ఖాళీ చేసి గాలి ఆడనివ్వండి. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

నాణెం వేయకుండా పాడించవచ్చా? మన రూపాయి వేస్తే పనిచేస్తుందా?

వేయకుండా పాడించవచ్చు. నాణేలను లెక్కపెట్టే క్రెడిట్ సర్క్యూట్‌ను ఉచితంగా వాయించేలా మార్చే పద్ధతి చాలా మోడళ్లకు ఉంది. వైర్లు కోయకుండా, ఎప్పుడైనా వెనక్కి మార్చుకునేలా చేయండి.

రూపాయి మాత్రం వెళ్లదు. నాణేల పెట్టె పరిమాణం, బరువు చూస్తుంది, ఒక అయస్కాంతంతో ఇనుప బిళ్లలను పట్టేస్తుంది. 1992 నుంచి వస్తున్న మన రూపాయి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలుది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. మెషీన్ దృష్టిలో అది దొంగ నాణెమే.

హైదరాబాద్ తెచ్చుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చాలా?

చాలదు. ఎక్కువమంది తెలుసుకోకుండా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 110కి దించుతుంది గానీ, మన 50 హెర్ట్జ్‌ను అమెరికా 60 హెర్ట్జ్‌గా మార్చలేదు. జూక్‌బాక్స్ మోటారు వేగం హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది. కాబట్టి 45 తిరగవలసిన రికార్డు నిమిషానికి 37.5 సార్లే తిరుగుతుంది. పాట సాగడమే కాదు, శ్రుతి మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. షడ్జం ఉండవలసిన చోట మంద్రస్థాయి చతుశ్రుతి ధైవతం వినిపిస్తుంది. సుశీల గొంతు అలా వినడం ఎవరికీ ఇష్టం ఉండదు.

దారులు రెండు. ఐరోపాకు ఎగుమతైన మోడళ్ల 50 హెర్ట్జ్ గేర్లు లేదా మోటారు సంపాదించడం ఒకటి. రెండోది, 60 హెర్ట్జ్ శుద్ధమైన సైన్ వేవ్ ఇచ్చే ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ వాడటం. ఖర్చైనా నేను రెండోదానికే ఓటు వేస్తాను. మెషీన్‌లో ఏదీ మార్చనక్కరలేదు, పైగా 60 హెర్ట్జ్ కోసం చేసిన పాత ట్రాన్స్‌ఫార్మర్లు, బ్యాలస్టులు 50 మీద ఎక్కువ వేడెక్కే బాధ తప్పుతుంది. ఏది తీసుకున్నా 750 వీఏ సామర్థ్యం ఉంటే నిశ్చింత.

విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీర ఊళ్లలో ఉప్పుగాలి క్రోమ్‌ను తినేస్తుంది. ఎక్కడైనా సరే చెదలు ప్లైవుడ్ క్యాబినెట్‌ను వదలవు. గోడకు ఆనించకుండా, నేలకు కాస్త ఎత్తులో పెట్టండి.

తెలుగు సినిమా ఈపీ రికార్డులు ఇందులో వేయవచ్చా?

అందరూ ఆశతో అడిగేది ఇదే, జవాబు కొంచెం నిరాశ కలిగిస్తుంది. మన ఈపీలూ 7 అంగుళాలవే, 45 ఆర్‌పీఎమ్మే. తేడా మధ్య రంధ్రంలో ఉంది. మన ఈపీలకు సాధారణంగా ఉండేది 7 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం. అమెరికా జూక్‌బాక్స్‌కు కావలసింది 38 మిల్లీమీటర్లది, యంత్రం రికార్డును పట్టుకునేది ఆ రంధ్రంలోనే.

రంధ్రం పెద్దది చేసే పరికరం దొరుకుతుంది. కానీ అర మిల్లీమీటరు పక్కకు పోయినా ప్రతి చుట్టుకూ శ్రుతి ఊగుతుంది. వీణ మీద, సన్నాయి మీద ఆ ఊగు వెంటనే చెవికి తగులుతుంది. అంతకన్నా పెద్ద అభ్యంతరం ఒకటి నాకుంది. ఆనాటి తెలుగు ఈపీలు మళ్లీ అచ్చు కావడం లేదు. ఇంట్లో ఒకే ఒక్క ప్రతి ఉంటే దానికి రంధ్రం చేయకండి. అదే రికార్డు రెండు మూడు ఉండి, వాటిలో ఒకటి గీతలు పడి ఉంటే దానితో ప్రయత్నించండి. లేదా మంచి టర్న్‌టేబుల్ మీద పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో ప్రతిగా కొత్త రికార్డు చెక్కి ఇచ్చే వారి దగ్గర పెద్ద రంధ్రంతో చేయించుకోండి.

ఈపీకి వైపుకు రెండేసి పాటలుంటాయి. ఒక బటన్ నొక్కితే రెండూ వరసగా పాడతాయి, మొదటిది మాత్రమే పాడి ఆగదు.

మా తాతయ్య గారి 78 రికార్డులు?

45 మెషీన్‌లో వేయడానికి వీల్లేదు. అవి 10 అంగుళాల లక్క రికార్డులు, గాడి వెడల్పు, వేగం అన్నీ వేరు. వర్లిట్జర్ 1015 లాంటి 78 మెషీన్‌లో పరిమాణం సరిపోతుంది, కానీ ఆ కాలపు పికప్ బరువు ఎక్కువ. రంగస్థల పద్యాల సెట్లు, అపురూపమైన పాటలు దానికి అప్పగించవద్దు.

పేర్ల చీటీలు తెలుగులో పెట్టుకోవచ్చా?

తప్పకుండా. ఒక చీటీ 3 అంగుళాల పొడవు, 1 అంగుళం వెడల్పు. పైన ఒకవైపు పాట, మధ్యలో గాయకుల పేరు, కింద రెండోవైపు పాట. కొంచెం దళసరి కాగితం మీద అచ్చు వేయండి. తెలుగు అక్షరాలకు వత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య చోటు ఎక్కువ వదలాలి. లేజర్ ప్రింటరైతే దీపాల వేడికి రంగు త్వరగా వెలిసిపోదు.

క్రోమ్, పెయింటు కొత్తగా వేయించాలా?

అన్నీ పాడుతున్నాయని తేలాకే ఆ ఆలోచన చేయండి. మెత్తని గుడ్డ, క్రోమ్ పాలిష్‌తోనే ఆశ్చర్యపోయేంత మెరుపు వస్తుంది. అసలు పెయింటు నిలిచి ఉంటే దాన్ని గీకేయకండి.

యంత్రం తీసేసి లోపల బ్లూటూత్ పెట్టించమంటున్నారు. మంచిదేనా?

నేను గట్టిగా వద్దంటాను. రికార్డును ఎత్తి, నిలబెట్టి, తిప్పే ఆ యంత్రమే జూక్‌బాక్స్. అది తీసేస్తే మిగిలేది స్పీకరున్న బీరువా. ఫోను పాటలు కూడా కావాలనుకుంటే మెకానిజాన్ని ముట్టకుండా ఆంప్లిఫయర్‌కు అదనపు ఇన్‌పుట్ ఇచ్చే చిన్న పరికరాలు ఉన్నాయి.

బాగైన తరవాత ఏటా ఏం చేయాలి?

వారానికి ఒక్కసారైనా పాడించండి, నిలిపి ఉంచితేనే గ్రీజు మళ్లీ బిగుసుకుంటుంది. ఏడాదికోసారి పట్టాలు తుడిచి, మోటారుకు ఒకటి రెండు చుక్కల నూనె వేయండి. రికార్డులు దుమ్ము లేకుండా ఉంచండి. ముల్లును భూతద్దంలో చూసి కొన చదునైతే మార్చండి. ఉరుములు మెరుపుల వేళ, ఊరు వెళ్లేటప్పుడు ప్లగ్గు తీసేయండి. మాన్యువల్ ప్రతి ఒకటి వెనక తలుపు లోపల సంచిలో పెట్టి, మీరు మార్చిన ప్రతి భాగాన్నీ తేదీతో సహా దాని మీద రాసి ఉంచండి.